దవనపు మడి: వెండి ఆకులు చెప్పే మన సీమ చరిత్ర

పాఠశాలల ఉత్సవ సంచికలలో భవనాల చరిత్ర ఉంటుంది; ప్రధానోపాధ్యాయుల పరంపర ఉంటుంది; పరీక్షా ఫలితాలు, క్రీడా విజయాలు, దాతల నామావళి ఉంటాయి. ఇవన్నీ ఉండవలసినవే. అయితే ఒక సీమ చరిత్ర రాతికట్టడాలలోను, రికార్డు పుస్తకాలలోను మాత్రమే నిలువదు. పెరటిలో పెంచుకొన్న మొక్కలో, ఆ మొక్కకు అమ్మమ్మ పెట్టి పిలిచిన పేరులో, ఆ పేరు పలికే పిల్లవాని నోటిలో కూడ అది నిలిచి ఉంటుంది. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగువారి చరిత్రను అటువంటి చిన్న ద్వారం గుండా చూడడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. ఆ ద్వారం ఒక దవనపు మడి.

మన ఇండ్లలో తరతరాలుగా పెరిగిన పరిమళపు మొక్కలలో కొన్నింటికి ఒక ప్రత్యేకత కలదు. వాటి పూలకు పెద్ద అందం లేదు. వాసన అంతా ఆకులోనే ఉంటుంది. ఆ ఆకు కూడ పచ్చగా నిగనిగలాడదు. బూడిద చల్లినట్లు, వెండిపూత పూసినట్లు తెల్లగా ఉంటుంది. దవనం, మరువం, మాచిపత్రి, వావిలి అనే ఈ నాలుగూ ఆ కోవకు చెందినవే. పూజకు, జడకు, వైద్యానికి, కంచెకు వేర్వేరుగా ఉపయోగపడుతూ ఈ నాలుగూ మన జీవితంలో అల్లుకొని పోయాయి.

నాలుగు మొక్కలు, రెండు భాషల పేర్లు

దవనానికి శాస్త్రనామం ఆర్టిమీసియా పాలెన్స్. పాలెన్స్ అనగా లాటిన్ భాషలో పాలిపోయినది అని అర్థం. ఆకు తెలుపును చూచి శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టారు. ఇది చామంతి కుటుంబానికి చెందినది. జానెడు మొదలు మూరెడు ఎత్తు వరకు పెరుగుతుంది. ఆకులు సన్నగా చీలి ఉంటాయి. చిన్న చిన్న పసుపుపచ్చ పూగుత్తులు తల వంచుకొని ఉంటాయి. తమిళంలో దీనిని మరిక్కొళుందు అంటారు.

మరువం తులసి కుటుంబానికి చెందినది. శాస్త్రనామం ఒరిగానమ్ మజొరానా. చిన్న, గుండ్రని, మెత్తని ఆకులు. వేలితో నలిపితే కమ్మని వాసన. తమిళంలో దీనిని మరు, మరువు అంటారు. ఈ మొక్క స్వస్థలం మధ్యధరా సముద్రపు తూర్పు తీరాన గల సైప్రస్, దక్షిణ తుర్కియే ప్రాంతాలు అని వృక్షశాస్త్రజ్ఞుల నిర్ణయం. ఎక్కడో పుట్టిన మొక్క మన మల్లెదండలోకి వచ్చి ఎంతగా మనదైపోయిందంటే దీనిని పరదేశి అంటే నమ్మేవారే ఉండరు.

మాచిపత్రి దవనానికి దగ్గరి చుట్టం. రెండూ ఆర్టిమీసియా జాతివే. అంగళ్ళలో కొందరు దవనాన్నే మాచిపత్రి అని అమ్ముతూ ఉంటారు గాని భేదం తెలుసుకోవడం కష్టం కాదు. మాచిపత్రి నిలువెత్తు వరకు పెరుగుతుంది. ఏళ్ళ తరబడి బ్రతుకుతుంది. ఆకు పెద్దది, పైభాగం పచ్చన, అడుగుభాగం తెల్లన. వాసనలో చేదు తగులుతుంది. దవనం చిన్నది, ఒక్క ఋతువు బ్రతికేది. ఆకు రెండు వైపులా తెల్లన. వాసనలో తీపి ఉంటుంది.

నాలుగవది వావిలి. దీనిని తమిళులు నొచ్చి అంటారు. శాస్త్రనామం వైటెక్స్ నెగుండో. ఇది గుబురుగా పెరిగే పెద్ద పొద. మూడేసి, అయిదేసి ఆకులు ఒకే కాడకు ఉంటాయి. గాలి వీచి ఆకు వెనుకకు తిరిగినపుడు పొద అంతా తెల్లగా మెరుస్తుంది. చెరువు గట్ల మీద, ఏటి ఒడ్డున, పొలం కంచెలలో దీనిని మన ప్రాంతంలో చూడనివారు ఉండరు.

ఈ ఆకులు వెండివలె కనబడడానికి కారణం వాటి మీద గల సన్నని నూగు. భూతద్దంతో చూస్తే దట్టమైన వెంట్రుకలు కనబడతాయి. అవి ఎండను వెనుకకు మళ్ళించి ఆకు వేడెక్కకుండ కాపాడతాయి. ఆకు మీదుగా పోయే పొడిగాలిని ఆపి తేమ హరించిపోకుండ చూస్తాయి. ఆకుల మీద వీటితో పాటు ఉండే సూక్ష్మమైన గ్రంథులలో సుగంధ తైలం దాగి ఉంటుంది. ఆకును నలిపినపుడు ఆ గ్రంథులు పగిలి పరిమళం వెలువడుతుంది. పురుగులను, మేతకు వచ్చే జంతువులను దూరంగా ఉంచడానికి మొక్క ఏర్పరచుకొన్న రక్షణ అది. మొక్కకు కవచమైనది మనిషికి అలంకారమైంది.

కోశాలలో, వ్రతాలలో, ఆలయాలలో

ఈ మొక్కల పేర్లు మన వాఙ్మయంలో చాల పాతవి. అమరకోశంలో మరువకానికి సమీరణం, ప్రస్థపుష్పం, ఫణిజ్జకం అనే పర్యాయపదాలు ఉన్నాయి. సమీరణం అంటే గాలి అని కూడ అర్థం. గాలిని ఆసరా చేసుకొని తన ఉనికిని చాటే మొక్కకు అంతకంటె తగిన పేరు దొరకదు. వావిలికి సింధువారం, ఇంద్రసురసం, నిర్గుండి, ఇంద్రాణిక అనే పేర్లను అదే కోశం చెప్పింది. దమనకం అనే సంస్కృత శబ్దానికి తద్భవమే మన దవనం.

దమనకాన్ని గురించి అగ్నిపురాణంలో ఒక కథ ఉంది. శివుని కోపం నుండి పుట్టిన భైరవుడు దేవతలను అణచివేయగా, శివుడు అతనిని భూమి మీద చెట్టువై పుట్టుమని శపించాడట. దమనం అంటే అణచడం. ఆ దమనుడే దమనకమైనాడని, దానితో తనను పూజించినవారికి ఫలం కలుగునని శివుడు అనుగ్రహించాడని ఆ కథ సారాంశం. చైత్రమాసంలో శుద్ధ ద్వాదశినాడు విష్ణువునకు, చతుర్దశినాడు శివునకు దమనకాన్ని అర్పించే ఆచారాన్ని ధర్మశాస్త్ర గ్రంథాలు చెప్పాయి. దీనికే దమనోత్సవం, దవనోత్సవం అని పేర్లు. మనకు సమీపంలోని కాంచీపుర వరదరాజస్వామి ఆలయంలో దవనోత్సవం నేటికీ జరుగుతున్నది.

ఇక్కడ తోటపని తెలిసినవారు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. దవనం చలికాలపు పైరు. వానలు వెనుకబడిన తరువాత విత్తితే మాఘ ఫాల్గుణాలలో పూతకు వస్తుంది. పూత వచ్చినపుడే దానికి వాసన హెచ్చు. ఆలయాలలో దవనోత్సవాలు శిశిర వసంతాలలో రావడం వెనుక మొక్క స్వభావం తెలిసిన తోటమాలి అనుభవం కూడ ఉన్నదనుకోవడం తప్పు కాదు. పంచాంగాన్ని, పూలతోటను మన పెద్దలు వేర్వేరుగా చూడలేదు.

ఇంటి పూజలో ఈ మొక్కల స్థానం తెలియాలంటే వినాయక చవితిని తలచుకొంటే చాలు. తెలుగు ఇండ్లలో చదివే వ్రతకల్పంలోని 21 పత్రులలో మొదటిది మాచీపత్రం. మరువకపత్రం, సింధువారపత్రం కూడ ఆ వరుసలోనే ఉన్నాయి. అనగా మనం చెప్పుకొంటున్న నాలుగు మొక్కలలో మూడు ఆ ఒక్క పూజలోనే కనబడతాయి. పిల్లలు పత్రి కోసం ఊరంతా తిరిగిన కాలంలో అది వారికి ఏటేటా జరిగే వృక్షశాస్త్ర పాఠం. పుస్తకం పట్టని చేతులు కూడ ఆకును చూచి, నలిపి, మూచూచి పేరు చెప్పగలిగేవి.

తిరుమల శ్రీవారి పుష్పకైంకర్యం సంగతి మన ప్రాంతం వారికి క్రొత్త కాదు. భగవద్రామానుజుల శిష్యుడైన అనంతాళ్వారు గురువు ఆజ్ఞను శిరసావహించి తిరుమల కొండ మీద పూలతోట వేసి కైంకర్యం చేశాడని సంప్రదాయం చెబుతున్నది. ఆయన పేరిట ఆ తోటను నేటికీ చూపుతారు. శ్రీవారి మాలలలో పూలతో పాటు మరువం, దవనం, తులసి కూడ చేరతాయి. పూలకు రంగు ఉన్నది. ఈ ఆకులు వాటికి పరిమళాన్ని జోడిస్తాయి.

తిరుత్తణి కొండకు ఆడికృత్తికనాడు పుష్పకావడులు మోసుకొని వచ్చే భక్తులలో తెలుగువారు, తమిళులు కలిసే నడుస్తారు. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి సన్నిధిలో హృత్తాపనాశిని పుష్కరిణి మెట్ల మీద కూడ ఈ రెండు భాషలూ పక్కపక్కనే వినబడతాయి. దేవుని ముందు దండకు భాషాభేదం లేదు. అయితే దండ కట్టేవారి ఇంట ఆకుకు ఏ పేరు నిలిచి ఉన్నదన్నది చరిత్రకు సంబంధించిన ప్రశ్న.

సరిహద్దులు కదిలిన నేల

తిరుత్తణి ప్రాంతం ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీలో చేరి ఉండేది. ఆ సంస్థానం తెలుగు సాహిత్యాన్ని, సంగీతాన్ని పోషించింది. వేణుగోపాలస్వామిపై పదాలు రచించిన సారంగపాణి ఆ సంస్థానానికి చెందినవాడే. కంపెనీ పాలనలోను, తరువాత కూడ ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండి, 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందులో చేరింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తెలుగు కుటుంబంలో జన్మించినది ఈ తిరుత్తణి సీమలోనే.

1856లో రాయపురం నుండి ఆర్కాటు వైపు దక్షిణ భారతంలో మొట్టమొదటి రైలుమార్గం ప్రారంభమైంది. అది తిరువళ్ళూరు, అరక్కోణం మీదుగా పోయింది. తరువాత అరక్కోణం నుండి రేణిగుంటకు మార్గం ఏర్పడి తిరుత్తణి కూడ రైలుదారిలో చేరింది. చెన్నపట్టణం గంటల దూరంలోకి వచ్చింది. పూలు, ఆకుకూరలు, పాలు వంటి నిలువ ఉండని సరుకులకు ఇటువంటి దారి ప్రాణం వంటిది. తెల్లవారకముందే కోసిన పూలు, దండలోకి మరువం కట్టలు పట్నపు అంగళ్ళకు చేరడం ఈ ప్రాంతపు రైతులకు సాధ్యమైంది. 1996లో చెన్నపట్టణపు టోకు వ్యాపారం కోయంబేడుకు మారిన తరువాత కూడ ఈ రాకపోకలు ఆగలేదు.

ఇరవయ్యవ శతాబ్దపు నడుమ ఈ నేల మీద సరిహద్దులు వేగంగా కదిలాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు చిత్తూరు జిల్లాతో పాటు తిరుత్తణి అందులో చేరింది. 1956 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో భాగమైంది. ఈ ప్రాంతం తమిళనాటికి చెందాలని మ. పొ. శివజ్ఞానం ప్రభృతులు ఉద్యమం నడిపారు. హెచ్. వి. పటాస్కర్ మధ్యవర్తిత్వంలో రెండు రాష్ట్రాలు అంగీకారానికి వచ్చాయి. 1959లో చట్టం వచ్చి, 1960 ఏప్రిల్ 1 నుండి తిరుత్తణి తాలూకాలో అత్యధిక భాగం మదరాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లాలో చేరింది. అదే ఒప్పందం ప్రకారం సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రకు వెళ్ళాయి. 1969లో మదరాసు రాష్ట్రం తమిళనాడు అయింది. 1997లో తిరువళ్ళూరు ప్రత్యేక జిల్లా అయింది.

ఒకే ఇంట, ఒకే అరుగు మీద కూర్చున్న వృద్ధుడు తాను కదలకుండానే మదరాసు రాష్ట్రంలోను, ఆంధ్ర రాష్ట్రంలోను, ఆంధ్రప్రదేశ్‌లోను, మరల మదరాసు రాష్ట్రంలోను, చివరకు తమిళనాడులోను నివసించాడు. పటాలు మారాయి గాని పెరటి మడి మారలేదు. పల్లిపట్టు, పొదటూరుపేట వంటి చేనేత ఊళ్ళలో మగ్గం పక్కన తెలుగు వినబడుతూనే ఉన్నది. సంతలో దవనం కొనేటపుడు మరిక్కొళుందు అని అడిగి, ఇంటికి వచ్చి దవనం అని పిలిచే అలవాటు మన తల్లులది. వావిలాకు వేసి కాచిన వేణ్ణీళ్ళు బాలింతకు పోసేటపుడు పొరుగింటి తమిళ అవ్వ నొచ్చి అంటే, మన అవ్వ వావిలి అంటుంది. ఇద్దరూ ఒకే పొద నుండి ఆకు దూసి తెచ్చుకొన్నవారే. రెండు పేర్లు తెలియడం ఈ సీమవారికి దక్కిన సంపద. ఒక పేరు రావడానికి రెండవది పోనక్కర లేదు.

పరిమళం వెనుక శాస్త్రం

పూజామందిరం నుండి ప్రయోగశాల వరకు కూడ ఈ మొక్కల ప్రయాణం సాగింది. దవనపు తైలాన్ని ఆవిరిబట్టీలో తీస్తారు. నూరు కిలోల పచ్చి మొక్క నుండి సుమారు 200 గ్రాముల తైలం మాత్రమే వస్తుంది. అందుచేత అది విలువైన సరుకైంది. అందులోని ముఖ్య పదార్థానికి ఈ మొక్క పేరు మీదనే డావనోన్ అని పేరు పెట్టారు. మన వాడుకమాట ఒకటి ఆ విధంగా ప్రపంచ రసాయనశాస్త్ర గ్రంథాలలోకి ఎక్కింది. కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రలలో పండిన దవనం నుండి తీసిన తైలం విదేశాలలోని సుగంధ ద్రవ్యాల తయారీదారులకు చేరుతున్నది.

ఇదే ఆర్టిమీసియా జాతికి చెందిన మరియొక మొక్క ప్రపంచ వైద్యచరిత్రనే మలుపు త్రిప్పింది. మలేరియాకు మందు వెదకడానికి చైనాలో 1967లో ప్రారంభమైన పరిశోధనలో తూ యూయూ అనే శాస్త్రవేత్త ప్రాచీన వైద్యగ్రంథాలను తిరగవేసింది. నాలుగవ శతాబ్దికి చెందిన గె హొంగ్ గ్రంథంలో ఆ మూలికను కాచకుండ, నీటిలో నానబెట్టి పిండిన రసాన్ని త్రాగవలెనన్న సూచన ఆమెకు దారి చూపింది. వేడి చేస్తే గుణం నశిస్తున్నదని గ్రహించి, తక్కువ వేడిలో సారం తీసే పద్ధతిని ఆమె అవలంబించింది. 1972లో ఆర్టిమిసినిన్ వేరుపడింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. ఆ మందు దవనంలోనిది కాదు. దాని చుట్టమైన ఆర్టిమీసియా ఆన్యువా లోనిది. జ్వరానికి దవనం నమలమని దీని తాత్పర్యం కాదు. పాత భాషలో వ్రాసిన ఒక చిన్న వాక్యాన్ని చదవగలవారు మిగిలి ఉండడం వల్ల లక్షలాది ప్రాణాలు నిలిచాయన్నది దీని తాత్పర్యం. మొక్కను గురించిన జ్ఞానం మాటలో దాగి ఉంటుంది. మాట పోతే మొక్క ఎదుట ఉన్నా జ్ఞానం చేతికి అందదు.

బడితోటకు, పెరటికి పనికివచ్చే సంగతులు

1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలిక విద్యలో చేతిపనితో పాటు తోటపనికి కూడ స్థానం లభించింది. మట్టిని ముట్టని చదువు చదువు కాదన్న భావన ఆ తరం ఉపాధ్యాయులలో బలంగా ఉండేది. నేడు స్థలం తక్కువైనా, పూలకుండీలు, ఒకటి రెండు మడులు ఏ ప్రాంగణంలోనైనా సాధ్యమే. ఈ మొక్కల పెంపకానికి సంబంధించిన ముఖ్య విషయాలు ఇక్కడ పొందుపరుస్తున్నాము.

దవనానికి నీరు నిలువని తేలిక నేల కావాలి. మన జిల్లాకు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలు పడతాయి. కనుక నారుమడిని నేలకంటె ఎత్తుగా వేసుకొని, జడివాన తగులకుండ పైన తడిక కట్టుకోవాలి. విత్తనం ధూళి వలె సన్ననిది. తడిగుడ్డలో రెండు రోజులు కట్టి ఉంచి, మొలక చూపగానే సన్నని ఇసుకతో కలిపి చల్లాలి. పైన మట్టి మందంగా కప్పరాదు. పూలజల్లెడతో ఉదయం, సాయంత్రం కొద్దికొద్దిగా నీరు చిలకరించాలి. నీరు ఎక్కువైతే లేత నారు మొదలు కుళ్ళి పడిపోతుంది. అయిదారు వారాలకు, వానలు తగ్గిన పిమ్మట నారు తీసి దగ్గర దగ్గరగా నాటుకోవాలి. బాగా చివికిన పేడ ఎరువు చాలు. విత్తిన నాలుగు నెలలకు పూత వస్తుంది. మంచు ఆరిన తరువాత కోసుకొంటే పరిమళం నిలుస్తుంది.

మరువాన్ని విత్తనం కంటె కొమ్మలతో పెంచడం సులభం. జానెడు లేత కొమ్మను అడుగు ఆకులు తీసివేసి తడి ఇసుకలో గ్రుచ్చితే వేరు దిగుతుంది. మన వేసవి ఎండ దీనికి పడదు. కుండీలో పెట్టుకొని మధ్యాహ్నపు నీడ చూపాలి. కొసలు గిల్లుతూ ఉంటే గుబురుగా పెరుగుతుంది. మాచిపత్రిని పిలకలు విడదీసి నాటుకోవచ్చు. వానాకాలంలో అది వేళ్ళతో పక్కలకు ప్రాకి ఇతర మొక్కల చోటును ఆక్రమిస్తుంది. అంచెలంచెలుగా త్రవ్వి అదుపులో పెట్టుకోవాలి. వావిలికి సేవ అక్కర లేదు. మూరెడు కొమ్మ వానాకాలంలో పాతితే కంచె అవుతుంది. దాని ఎండుటాకు ధాన్యపు గాదెలలో వేస్తే పురుగు పట్టదని మన రైతుల అనుభవం. ఎండిన దవనపు కొమ్మలను పట్టుబట్టల పెట్టెలో ఉంచే అలవాటు కూడ ఇటువంటిదే.

ఈ నాలుగింటిలో మూడు మొక్కలు కొమ్మతోనో, పిలకతోనో తమంతట తాము నిలుస్తాయి. దవనం ఒక్కటే అలా కాదు. అది ఏడాదికి ఒకమారు పుట్టి గిట్టేది. దాని విత్తనానికి ఆయుస్సు తక్కువ. ఈ ఏడు పండిన విత్తనాన్ని వచ్చే ఋతువులో విత్తాలి. పెట్టెలో పెట్టి రెండు మూడేండ్లు మరచిపోతే మొలకెత్తదు. కనుక దవనం పెంచేవారు పరిమళం కోసం పంటనంతా కోయరు. బలమైన మొక్కలను కొన్నింటిని విత్తనానికి విడిచిపెడతారు. అవి ఎండి, విత్తనం రాలే వరకు ఓపిక పట్టి, నీడన ఆరబెట్టి దాస్తారు. విత్తనం తెచ్చుకొనే దారి వేరే లేని ఊళ్ళో ఒక్క ఏడు ఏమరుపాటు చాలు, ఆ ఊరి దవనం అంతటితో ముగుస్తుంది.

విత్తనానికి విడిచిన మొక్కలు

భాష విషయం కూడ ఇంతే. ఇంట మాట్లాడుకొనే తెలుగు వావిలి కంచె వంటిది. ఎవరు పట్టించుకోకపోయినా కొంతకాలం నిలుస్తుంది. చదివే, వ్రాసే తెలుగు దవనం వంటిది. ప్రతి ఏడూ ఒక తరగతి పిల్లలకు దానిని విత్తితేనే మరుసటి ఏటికి ఉంటుంది. డెబ్బది అయిదేండ్ల పాఠశాల అంటే డెబ్బది అయిదుమార్లు విత్తినమాట.

తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ బోధనా చట్టం వల్ల ఒకటవ తరగతి నుండి క్రమంగా తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. 2015-16 విద్యాసంవత్సరంలో ఆ నిబంధన పదవ తరగతి ప్రభుత్వ పరీక్షను చేరింది. భాషాల్పసంఖ్యాక విద్యార్థులకు సంబంధించి న్యాయస్థానాలలో వాదాలు జరిగాయి, మినహాయింపులు లభించాయి. ఈ వ్యాసం ఆ వివాదంలోనికి దిగదలచలేదు. ఈ నేల మీద బ్రతికేవారు తమిళం బాగా నేర్చుకోవలసినదే. సంతలోను, కచేరీలోను, ఉద్యోగంలోను అది అన్నం పెట్టే భాష. పొరుగువారితో మనసు కలిపే భాష. అయితే మరిక్కొళుందు అనే మాట నేర్చుకొన్న పిల్లకు దవనం అనే మాట కూడ తెలియాలి. ఆ రెండవ మాట చెప్పవలసినవారు ప్రభుత్వం కాదు, న్యాయస్థానం కాదు. ఇంట తల్లిదండ్రులు, బడిలో ఉపాధ్యాయులు.

తల్లిదండ్రులకు ఒక మనవి. వినాయక చవితినాడు పత్రిని అంగడిలో కట్టగా కొని తెచ్చినా, దానిని పూజకు ముందు పిల్లల ముందు విప్పండి. ఒక్కొక్క ఆకును చేతికిచ్చి పేరు చెప్పండి. మాచిపత్రి అడుగున తెలుపు చూపండి. మరువాన్ని నలిపి మూచూడమనండి. పావుగంట పని అది. పూర్వ విద్యార్థులలో సేద్యం చేస్తున్నవారు, వైద్యవృత్తిలో ఉన్నవారు, శాస్త్ర పరిశోధనలో ఉన్నవారు ఉన్నారు. ఈ మొక్కలను గురించి తమకు తెలిసినది ఒక పుటలో తెలుగున వ్రాసి పాఠశాల గ్రంథాలయానికి ఇస్తే అది రేపటి పిల్లలకు పాఠ్యగ్రంథం వంటిదవుతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. సెప్టెంబరు 5 మన సీమవాని జన్మదినం. దేశానికంతటికీ ఉపాధ్యాయ దినోత్సవం. సాధారణంగా వినాయక చవితి కూడ ఆ రోజులలోనే వస్తుంది. ఆనాడు తొమ్మిదవ తరగతి పిల్లలచేత వావిలి, మాచిపత్రి, మరువం నాటించవచ్చు. వానలు వెనుకబట్టగానే దవనపు నారు పోయించవచ్చు. ప్రతి మొక్క ముందు తెలుగు, తమిళ లిపులలో రెండు పేర్లు వ్రాసిన పలక నిలుపవచ్చు. వేసవి సెలవులకు ముందు, ఆ తరగతివారు తాము కూడబెట్టిన దవనపు విత్తనాన్ని పొట్లం కట్టి, తేదీ వేసి, తరువాతి తరగతి చేతికి అప్పగించాలి. పొట్లం మీది అక్షరాలు తెలుగువి కావాలి. ఇది ఖర్చుతో కూడిన పథకం కాదు. ఒక మడి, ఒక జల్లెడ, పిడికెడు విత్తనం, దానిని ఏటేటా గుర్తుంచుకొనే మనసు చాలు.

వజ్రోత్సవాలు, శతవార్షికోత్సవాలు జరిగే భవనాలు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. వాటిలో పిల్లల గొంతు వినబడేవి కొన్నే. మన పాఠశాల ఆ కొన్నింటిలో ఒకటిగా నిలవాలని, నూరవ ఏటి సంచికకు వ్యాసం వ్రాసే విద్యార్థి చేతికి ఆ ఏడు కోసిన దవనపు కొమ్మ అందాలని ఆకాంక్షిద్దాము.